శాసనంలో రహస్యమేముంది?

ఓరుగల్లు దగ్గరి మడికొండకు ఐటీ కంపెనీలు 2020లో వచ్చాయి గానీ, వీడియో గేములు అంతకు చాలా ముందే వచ్చాయి. కుర్రాళ్ల ముచ్చట్లలో ఇప్పటికీ వినిపించే పాత గేముల్లో ‘ఫైనల్ ఫాంటసీ 10’ ఒకటి. జపాన్ కంపెనీ స్క్వేర్ 2001లో దాన్ని విడుదల చేసింది. అందులో సేమోర్ అనే మతపెద్ద ఉన్నాడు. మెత్తని మాట, పట్టుబట్టలు, ఎప్పుడూ చెదరని చిరునవ్వు. కథ సగానికి వచ్చేసరికి తండ్రిని చంపి పదవి సంపాదించిన మనిషని బయటపడుతుంది. కథానాయిక యూనాను పెళ్లాడతానంటాడు. దుఃఖంలో ఉన్న జనానికి ఈ పెళ్లి ఓదార్పు అని పైకి చెప్పే కారణం. ఆమెను అడ్డం పెట్టుకుని లోకం మొత్తాన్నీ తన గుప్పిట్లోకి తెచ్చుకుని, చివరికి చావునే అందరికీ మోక్షంగా పంచాలన్నది లోపలి పథకం.

ఆడినవాళ్లంతా సేమోర్‌ని తిట్టుకుంటారు. నాకు మాత్రం ఆ గేములో అంతకన్నా ఆసక్తి కలిగించినవాడు మికా అనే ముసలి పీఠాధిపతి. ఆయన చనిపోయి చాలా కాలమైంది, కానీ కుర్చీ దిగలేదు. ఆ సంగతి దాచిపెట్టి ప్రేతంగానే పాలన సాగిస్తుంటాడు. చచ్చినా గద్దె వదలనివాడిని చూసి మనవాళ్లకు ఎవరెవరు గుర్తొస్తారో నేను చెప్పనక్కర్లేదు.

ఆ లోకంలో ‘సిన్’ అనే భూతం ఊళ్లకు ఊళ్లను ఊడ్చేస్తుంటుంది. పూర్వులు యంత్రాలు వాడి గర్వపడ్డారు, అందుకే ఈ శిక్ష అంటుంది యెవన్ మతం. పాపం కడుక్కుంటే భూతం పోతుందట. యంత్రాలు వాడే అల్ బెద్ జాతి జనం మతభ్రష్టులట. తీరా ప్రధాన పీఠమున్న బెవెల్‌లో అడుగుపెడితే లోపలంతా యంత్రాలే, కావలి సాధువుల చేతుల్లో తుపాకులే. ఒక ఘట్టంలో మామూలు సైనికులు అల్ బెద్‌ వాళ్లతో కలిసి నిషిద్ధ యంత్రాలతో భూతం మీదికి వెళతారు. మతపెద్దలు అడ్డుకోరు. సేమోర్ స్వయంగా వచ్చి వాళ్లకు ధైర్యం చెప్పి, చూస్తూ నిలబడతాడు. సైనికులు వందలుగా చస్తారు. చూశారా, యంత్రాలను నమ్మితే ఇంతే అని చెప్పడానికి మతానికి ఒక పాఠం దొరుకుతుంది.

ఇంతవరకూ పదునుగానే ఉంది. నా పేచీ ‘రహస్యం’ దగ్గర. గురువుకు రాజకీయ ఆశ ఉండటాన్ని తెర వెనుక దాచిన కుట్రగా చూపించి, తెర లాగగానే మనం ఉలిక్కిపడాలని గేము ఆశిస్తుంది. మన ఓరుగల్లు చరిత్రలో తెరే లేదు. అంతా రాతి మీద చెక్కి, ఊరి మధ్య నిలబెట్టారు.

కాకతీయ గణపతిదేవుడికి శివదీక్ష ఇచ్చిన గురువు విశ్వేశ్వర శివాచార్యుడు, గోళకీ మఠం శైవుడు. దీక్షతో రాజు గురువుకు కొడుకు వరసయ్యాడు. చోళ, మాళవ రాజులు కూడా ఆయన శిష్యులేనని ఆయనకిచ్చిన దానశాసనం చెప్పుకుంటుంది. కృష్ణా తీరంలోని మందడం గ్రామాన్ని గురువుకు ఇస్తానని గణపతిదేవుడు మాటిచ్చాడు. ఆ మాటను రుద్రమదేవి నిలబెట్టి, వెలగపూడిని కూడా కలిపి 1261లో దానం రాయించింది. అదే మల్కాపురం శాసనం. ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఈనాడు ఉన్నది ఆ వెలగపూడిలోనే.

ఆ శాసనంలో మెచ్చుకోదగ్గవి లేకపోలేదు. ప్రసూతిశాల ఉంది, ఆరోగ్యశాల ఉంది, చదువుకునే మఠం ఉంది, కులభేదం లేకుండా అన్నం పెట్టే సత్రం ఉంది. పదమూడో శతాబ్దంలో కాన్పుల కోసం ఒక ఇల్లు కట్టించాలన్న ఆలోచన చిన్నదేం కాదు. హేతువాదినని చెప్పి దాన్ని కొట్టిపారెయ్యలేను. కానీ అదే రాతిలో ఊరి కాపలాకు వీరభద్రులనే భటులూ ఉన్నారు. తల నరకడం, పొట్ట చీల్చడం వాళ్ల పనుల్లో కనిపిస్తాయి. అది నేరస్తులకు వేసే శిక్ష అని కొందరు పండితులు, భక్తితో చేసుకునే ఆత్మార్పణ అని కొందరు చదివారు. ఎటు చదివినా ఊరు, ఆసుపత్రి, బడి, వంటశాల, కత్తి అన్నీ ఒకే గురువు చేతికింద ఉన్నాయి. యెవన్ సాధువుల తుపాకులు చూసి ఉలిక్కిపడేవాళ్లు ఈ వీరభద్రులను చూసి ఎందుకు ఉలిక్కిపడరు?

ఇక దానం సంగతి. మందడం మాగాణి దున్నినవాడు ఈ ఒప్పందంలో ఎక్కడా మాట్లాడడు. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు, వాడి పంట మీది పన్ను రాజు చేతిలోంచి గురువు చేతిలోకి మారింది. రాజుకు పుణ్యం, పైగా గురువు ఆశీర్వాదంతో గద్దెకు గట్టి పునాది. గురువుకు గ్రామాలు. ఇద్దరిలో ఎవరూ దొంగచాటుగా చేయలేదు. కాబట్టి దుర్మార్గుడైన ఒక సేమోర్ కోసం వెతికితే ఇక్కడ ఎవరూ దొరకరు. విశ్వేశ్వరుడు నిజంగానే మంచివాడై ఉండొచ్చు. ఆయన మంచితనంతో ఈ లావాదేవీకి పనిలేదు.

మన కాలానికొస్తే, ఈ లావాదేవీ రెండు దిక్కులా నడిచింది. ముఖ్యమంత్రిగా ఉండగానే ఎన్టీ రామారావు కాషాయం కట్టారు. క్రైస్తవ ప్రచారకుడు కె.ఎ. పాల్ 2008లో ప్రజాశాంతి పార్టీ పెట్టి నేరుగా ఓట్లడిగారు. ఆయన్ని చూసి నవ్వుకుంటాం గానీ, నామినేషన్‌కు ముందు ఏదో ఒక పీఠాధిపతి పాదాలు పట్టుకుని ఫోటో దిగే నాయకుణ్ణి చూసి నవ్వం. పాల్ కనీసం బ్యాలెట్ ముందు నిలబడి లెక్క చెప్పుకుంటున్నారు. పీఠానికి ఆ లెక్క లేదు.

చట్టం ఏం చేస్తోంది? 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ ప్రకారం మతం పేరిట ఓటడగడం అవినీతి చర్య. ఓటరు దైవాగ్రహానికి గురవుతాడని భయపెట్టడాన్ని కూడా అదే సెక్షన్ పేరు పెట్టి నిషేధించింది. 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, నలుగురి మెజారిటీతో, ఈ నిషేధం అభ్యర్థి మతానికే కాక ఓటరు మతానికీ వర్తిస్తుందని చెప్పింది. బాగుంది. కానీ అభ్యర్థి గానీ, అతని ఏజెంటు గానీ, అతని సమ్మతితో మరొకరు గానీ చేస్తేనే అది అవినీతి చర్య అవుతుంది. స్వామి ప్రవచనంలో ఒక మాట తనంతట తానుగా విసిరితే సమ్మతిని ఎవరు రుజువు చేస్తారు? తీర్థం ఇచ్చేటప్పుడు చెవిలో చెప్పిన మాటకు సాక్షి ఎవరు?

గేము సంగతికొస్తే, చివర్లో సేమోర్ పోతాడు, మికా మాయమవుతాడు, భూతమూ చస్తుంది. యెవన్ బోధ అబద్ధమని లోకానికి తెలిసిపోతుంది. 2003లో వచ్చిన రెండో భాగం ఆ తర్వాత రెండేళ్లకు మొదలవుతుంది. పాత భక్తులు ‘న్యూ యెవన్’ పేరుతో ఒక రాజకీయ పక్షం పెట్టుకుని ఉంటారు. పాత మతం రికార్డులు బయటికి రానివ్వకుండా దాచుకునేది ఆ పక్షమే.