ఎడారి యేటిలో ఈకల యీగ

చేపలు పట్టు విద్యనుగూర్చి స్త్రీల పత్రికలో వ్రాయనేల యని మీరు శంకింపవచ్చును. సూదియు దారమును చేతబట్టిన ప్రతి యిల్లాలికిని ఈ విద్యయందు పాలు కలదు. అంతియకాక, దీనిలో ధర్మసూక్ష్మ మొకటి యిమిడియున్నది. కావుననే ఈ మాసము మేము దీని నెత్తుకొంటిమి.

అమెరికా దేశపు పడమటనున్న ఆరిగాన్ రాష్ట్రమున డెషూట్సు అను నది కలదు. కాస్కేడు పర్వతములు సముద్రమునుండి వచ్చు మేఘముల నడ్డగించుటచేత, వానికి తూర్పుననున్న మెట్టభూమి యెడారివలె నుండును. నల్లని రాతిగోడలు, బూడిదవన్నె పొదలు, వాని నడుమ పచ్చని నీరు. ఆ ప్రాంతమున మదరాసు అను పేరుగల యూరొకటి కలదు! అంగటిలోని మన మదరాసు బట్టతానును జూచి ఆ పేరు పెట్టిరని కొందరు చెప్పుదురు. అచ్చట సంవత్సరమున కురియు వాన 10, 12 అంగుళములకు మించదు.

అట్టిచోటను నడివేసవియందు నది యెండదు. కొండలపై పడిన మంచు కరగి, అగ్నిపర్వతములు క్రక్కిన రాతి సందులలో నింకి, బహుకాలమునకు ఊటలై వెలువడును. ఆ చల్లని నీరే ట్రౌటు చేపకు ప్రాణాధారము. అచ్చటి ట్రౌటునకు ప్రక్కన ఎఱ్ఱని చార యుండును. తొట్లలో పెంచిన ట్రౌటులను క్రింది డెషూట్సులో విడుచుట 1978వ సంవత్సరమున మానిరి. ఇప్పు డచ్చటి ట్రౌటులు ఏటిలోనే పుట్టి పెరిగిన అడవిజాతివి. వసంతమున తల్లిచేప తోకతో గులకలను చిమ్మి గుంటచేసి, గ్రుడ్లుపెట్టి, తిరిగి గులకలతో కప్పును. తెలిసిన వేటగాడు నీట దిగునపుడు, క్రొత్తగా కదలి తేటపడిన గులకలపై కాలుమోపడు.

ఈ వేటలో ఎఱయై వానపామును గ్రుచ్చుట లేదు. చిన్న గాలమునకు ఈకలు, వెండ్రుకలు, దారము చుట్టి కీటకమును బోలిన యీగను చేయుదురు. ఏ కీటకము ఎప్పుడు పుట్టునో యెఱుగనివానికి ఈ విద్య యబ్బదు. సాల్మనుఈగ యను పెద్దకీటకము మూడు నాలుగేండ్లు రాళ్లక్రింద నీటిలో బ్రతికి, మే జూను మాసములలో గట్టునకు ప్రాకి, పొర విడిచి, రెక్కలు తాల్చును. నారింజవన్నె కడుపుగల ఆ యీగలు గట్టుమీది గడ్డినుండి జారిపడునప్పుడు ట్రౌటులు కాచుకొని మ్రింగును. చేతి యీగయు నట్లే ప్రవాహముతో తేలిపోవలెను. దారము దానిని కొంచె మీడ్చినను చేప నమ్మదు. క్రింది డెషూట్సులో పడవపై పోవచ్చును గాని, పడవనుండి గాలము వేయరాదు. దిగి నిలిచియే వేయవలెను.

ఈగలు కట్టుటలో స్త్రీల నేర్పు ప్రసిద్ధము. వెర్మాంటు రాష్ట్రమున మేరీ ఆర్విస్ మార్బరీ యను నామె తన తండ్రి వ్యాపారమున ఈగలు కట్టు స్త్రీలకు పెద్దయై యుండెను. ఆ దినములలో ఒకే పేరుతో ఊరికొక విధముగా ఈగలు కట్టెడివారు. ఆమె దేశమందలి వేటగాండ్రకు జాబులు వ్రాసి, వారి ప్రత్యుత్తరములను గూర్చి, ఈగల రూపములను, చరిత్రలను 1892లో గ్రంథముగా ప్రకటించెను.

ఇక ధర్మవిచారము. ఆ నదియందు షెరార్సు జలపాతమువద్ద వార్మ్ స్ప్రింగ్సు ఆదివాసులు కఱ్ఱమంచెలపై నిలిచి, పిడివలలతో సాల్మను చేపలను పట్టుదురు. 1855 నాటి సంధిలో వారు తమ చేపలవేట హక్కును నిలుపుకొనిరి. వారిది ఆహారము, తరతరముల యాచారము. ఈకలయీగ వేయువారిలో పెక్కుమందియో, చేపను పట్టి తిరిగి నీట విడుతురు. తిననిదానిని బాధింపనేల? విడిచితిమి గదా యనినంత మాత్రమున నొప్పి లేకపోదు. ఈ మాటను మేము కప్పిపుచ్చము.

అయినను, పట్టి విడుచువారిలోను తారతమ్యము కలదు. గాలపు ఎదురుముల్లు నొక్కివేసి, చేతులు తడుపుకొని, చేపను నీటినుండి యెత్తకయే విడిపించువాడొకడు. పొడిచేతులతో పట్టి, ఛాయాచిత్రమునకై గట్టున నిలుపువాడొకడు. పొడిచేయి చేపపై నున్న జిగురుపొరను చెఱచును. నీటివేడి 20 డిగ్రీలకు చేరినపుడు అలసిన ట్రౌటు తేరుకొనుట కష్టము. విడిచినను చచ్చుట కలదు. అట్టి మధ్యాహ్నమున వివేకి గాలము మడచి యింటికి మరలును.

వినోదము తప్పా యొప్పా యను తీర్పును ఒక్కమాటలో చెప్పజాలము. తన సంతోషమున కితరప్రాణి యెంత వెల యిచ్చుచున్నదో యెఱిగి, ఆ వెలను తగ్గింప యత్నించువాడు మాత్రము తక్కినవారికంటె మేలని మా తలంపు. మీ యభిప్రాయములను వినగోరుచున్నారము.