మన పిల్లలకి జైల్లో వైద్యం అడుగుదాం



పోయిన నెల కమిటీ సమావేశంలో ఒక విషయం ఎత్తాం. పది నిమిషాల్లో మాట పక్కకి వెళ్ళిపోయింది. ఎవరినీ తప్పు పట్టడం లేదు. ఆ రోజు భవనం పైకప్పు రిపేరు లెక్కలు తేలాలి, పిల్లల తెలుగు తరగతులకి మాస్టారు దొరకాలి. పైగా ఇది నలుగురిలో మాట్లాడే విషయం కాదని చాలామంది అనుకుంటారు. నోరు విప్పితే "వీళ్ళింట్లో ఎవరికో ఉంది" అని చూపులు తిరుగుతాయి. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాం. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మన బరంపురంలో ఒక ఇంటి సంగతి. పేరు చెప్పం, వీధి చెప్పం. తెలిసినవాళ్ళు కూడా బయటపెట్టొద్దు. ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు, బట్టల కొట్లో పని. బ్రౌన్ షుగర్ మొదట సరదాకి పీల్చాడు. రెండేళ్ళు తిరిగేసరికి అది లేకపోతే మంచం దిగలేని స్థితి. తన ఖర్చు కోసం నలుగురికి పొట్లాలు అందించడం మొదలెట్టాడు, దొరికిపోయాడు. బెయిలు వచ్చి, జామీను కాగితాలు కుదిరేసరికి నాలుగు నెలలు. లోపల మొదటి వారం వాంతులు, విరేచనాలు, కాళ్ళు లాగేయడం, నిద్ర లేకపోవడం. నొప్పికి ఏవో మాత్రలు ఇచ్చారు, అంతే. తర్వాత మెల్లగా తేరుకున్నాడు. బయటికి వచ్చినప్పుడు ఒళ్ళు చేసి, మొహం తేటగా ఉంటే వాళ్ళమ్మ దిష్టి తీసింది. "జైలే మంచి చేసింది బాబూ, మానేశాడు" అని మాతోనే అంది.

తొమ్మిదో రోజు పొద్దున్న బాత్రూమ్ తలుపు పగలగొట్టారు.

షామియానా సంఘమే వేయించింది. కుర్చీలు మనవే. వచ్చినవాళ్ళందరం "కొవ్వెక్కి మళ్ళీ మొదలెట్టాడు" అనుకుంటూ టీ తాగి వచ్చాం. అది మనం మార్చుకోవాల్సిన మాట.

ఆ కుర్రాడు ఎందుకు పోయాడో చూడండి. నల్లమందు జాతి మత్తులన్నిటికీ, అంటే బ్రౌన్ షుగర్, హెరాయిన్, కొన్ని నొప్పి మాత్రలు, ఒక గుణం ఉంది. రోజూ వాడుతుంటే ఒంటికి తట్టుకునే శక్తి పెరుగుతుంది. కొత్తవాడిని చంపే మోతాదు పాతవాడికి మామూలు. నాలుగు నెలలు ఆపేస్తే ఆ శక్తి పడిపోతుంది. ఆశ మాత్రం పోదు, అది మెదడులో అలాగే కూర్చుంటుంది. బయటికి వచ్చి పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగిపోతుంది. జైలు వాడి అలవాటు తీసేయలేదు, తట్టుకునే శక్తిని మాత్రం తీసేసింది.

ఇది మేము ఊహించి రాస్తున్నది కాదు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్ర జైళ్ళ నుంచి విడుదలైన 30,237 మందిని లెక్కగట్టి 2007లో ఒక అధ్యయనం వచ్చింది. విడుదలైన మొదటి రెండు వారాల్లో మత్తు మోతాదు మించి చనిపోయే ప్రమాదం, మామూలు జనంతో పోలిస్తే 129 రెట్లు అని తేలింది. మన కుర్రాడి తొమ్మిదో రోజు ఆ రెండు వారాల లోపలే ఉంది.

దీనికి వైద్యం ఉంది. బ్యుప్రెనార్ఫిన్ అని ఒక మాత్ర, నాలుక కింద పెట్టుకునేది. మెథడోన్ అని ఇంకొకటి, తాగే ద్రవం. రోజుకోసారి డాక్టరు చెప్పిన మోతాదు తీసుకుంటే ఒళ్ళు నొప్పులు, వాంతులు ఉండవు, ఆశ తగ్గుతుంది, మనిషి పనికి పోగలడు. ఒంటికి తట్టుకునే శక్తి కూడా పడిపోదు కాబట్టి, పొరపాటున ఒకసారి జారినా ప్రాణం మీదికి వచ్చే అవకాశం చాలా తగ్గుతుంది. ఈ రెండు మందుల్నీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది.

సమావేశంలో వచ్చిన మొదటి అభ్యంతరం: "ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు ఇస్తారా?" అడిగిన పెద్దాయన మీద మాకు గౌరవం ఉంది, చాలామంది మనసులో ఉన్నదే ఆయన అన్నారు. షుగరు ఉన్నవాడు రోజూ ఇన్సులిన్ వేసుకుంటే "ఇన్సులిన్‌కి బానిసయ్యాడు" అంటామా? బ్యుప్రెనార్ఫిన్ ఒక స్థాయి దాటాక ఎంత వేసుకున్నా మత్తు పెరగదు. పూటపూటకీ డబ్బు కోసం దొంగతనానికి పోయే అవసరం తీరుస్తుంది. గంజాయికీ సారాకీ ఈ మందులు పనికిరావు, అది కూడా చెప్పాలి. మేము మాట్లాడేది నల్లమందు జాతి మత్తుల గురించే.

రెండో అభ్యంతరం: "మాల వేస్తే అన్నీ పోతాయి." నిజమే, అయ్యప్ప దీక్షలో 41 రోజులు సారా ముట్టనివాళ్ళు మన వీధుల్లోనే ఉన్నారు. కొందరు తర్వాత కూడా మానేశారు, వాళ్ళకి చేతులెత్తి దండం పెడతాం. కానీ బ్రౌన్ షుగర్ అలవాటు ఉన్నవాడు వైద్యం లేకుండా దీక్షలో ఆపేసి, మాల తీశాక జారితే, జైలు నుంచి వచ్చినవాడికి ఉన్న ప్రమాదమే వాడికీ ఉంటుంది. భక్తి వద్దనడం లేదు. మాలతో పాటు మాత్ర కూడా ఉండనివ్వండి అంటున్నాం.

మూడో అభ్యంతరం గట్టిది: "మన పన్నుల డబ్బు ఖైదీల మీద ఎందుకు?"

దీనికి మూడు జవాబులు. ఒకటి, వాళ్ళలో ఎక్కువమందికి ఇంకా శిక్షే పడలేదు. 2022 చివరికి దేశం మొత్తం జైళ్ళలో 5,73,220 మంది ఉంటే, 4,34,302 మంది విచారణ ఖైదీలే. నలుగురిలో ముగ్గురు. మన కుర్రాడూ అంతే, నేరం రుజువు కాకుండానే పోయాడు. రెండు, శిక్ష పడినా కోర్టు వేసేది జైలు శిక్షే, వైద్యం ఆపేసే శిక్ష ఏ చట్టంలోనూ లేదు. ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాల్లో 24వది ఇదే చెబుతుంది: బయట ఉన్న వైద్యమే లోపలా ఉండాలి, మత్తు వ్యసనానికి సాగే వైద్యం మధ్యలో తెగకూడదు. మూడు, లెక్క చూసుకున్నా మందే చవక. బ్యుప్రెనార్ఫిన్ మన దేశంలోనే తయారవుతుంది. ఖర్చంతా మనుషుల మీద: శిక్షణ ఉన్న ఒక డాక్టరు, రోజూ ఎదురుగా నిలబడి మాత్ర వేయించే నర్సు, ఒక కౌన్సిలరు. అది లేకపోతే సూదులు పంచుకుని హెచ్‌ఐవీ, హెపటైటిస్-సి అంటించుకున్నవాళ్ళకి ఏళ్ళ తరబడి వైద్యం చేయించేదీ ఈ పన్నుల డబ్బే. మళ్ళీ అరెస్టు, మళ్ళీ కోర్టు, మళ్ళీ జైలు, అదీ ఈ డబ్బే.

"లోపల మాత్రలు దాచి అమ్ముకుంటారు" అన్న భయం కూడా విన్నాం. నిజమైన భయమే. అందుకే మాత్రని పొడి చేసి, నాలుక కింద పెట్టించి, కరిగేదాకా చూసి పంపుతారు. నాలోక్సోన్ కలిపిన మాత్రలూ ఉన్నాయి, వాటిని కరిగించి సూదితో ఎక్కించుకుంటే మత్తుకి బదులు ఒళ్ళు నొప్పులు వస్తాయి. కాపలా కష్టమని మందే ఆపేస్తే, రేషన్ కొట్లో దొంగతనం జరుగుతోందని ఊరికి బియ్యం ఆపేసినట్టు ఉంటుంది.

ఇదంతా ఎక్కడో జరిగే పని అనుకోకండి. ఢిల్లీ తిహార్ జైల్లో 2008లోనే బ్యుప్రెనార్ఫిన్ వైద్యం మొదలైంది. పంజాబ్ 2017లో ప్రభుత్వ క్లినిక్కుల్లో రోజూ ఈ మాత్ర ఇవ్వడం మొదలుపెట్టి, తర్వాత జైళ్ళలోకీ తీసుకెళ్ళింది. అక్కడ కుదిరింది ఇక్కడ కుదరదా?

డబ్బు పెడితే ఏమవుతుందో చూపించిన చోటు అమెరికాలోని రోడ్ ఐలండ్, చాలా చిన్న రాష్ట్రం. అక్కడ జైళ్ళన్నీ ఒకే శాఖ కింద ఉంటాయి. 2016లో రాష్ట్రం బడ్జెట్‌లో డబ్బు కేటాయించి, అవసరమున్న ప్రతి ఖైదీకీ ఈ మందులు అందేట్టు చేసింది, విడుదలయ్యాక బయట క్లినిక్కులో అదే మందు సాగేట్టు చూసింది. ఈ మధ్యనే జైలు నుంచి వచ్చి మోతాదు మించి చనిపోయినవాళ్ళు 2016 మొదటి ఆరు నెలల్లో 26 మంది. 2017 మొదటి ఆరు నెలల్లో 9 మంది.

అదే దేశంలో మిగతా చోట్ల జైలు అంటే ఎక్కువగా కౌంటీది, మన జిల్లా లాంటిది. బీదవాళ్ళ ఆరోగ్యానికి ప్రభుత్వం ఇచ్చే మెడికెయిడ్ డబ్బు, 1965 నాటి చట్టం ప్రకారం, మనిషి జైల్లో అడుగు పెట్టగానే ఆగిపోతుంది. మందుల భారం కౌంటీ మీద పడుతుంది. ఇవ్వబోమన్న కౌంటీల మీద రోగులు కేసులు వేశారు. 2018లో మసాచుసెట్స్‌లో ఒకరికి, 2019లో మెయిన్‌లో ఇంకొకరికి కోర్టులు మందు ఇచ్చి తీరాలని ఉత్తర్వులిచ్చాయి. 2023లో కాలిఫోర్నియాకి, విడుదలకి ముందు 90 రోజులకి మెడికెయిడ్ డబ్బు వాడుకునే అనుమతి వచ్చింది, ఆ అనుమతి పొందిన మొదటి రాష్ట్రం అదే. అంత డబ్బున్న దేశంలో కూడా అడిగినవాళ్ళు ఉంటేనే వచ్చింది.

ఇక మన సంగతి. 2019లో కేంద్రం విడుదల చేసిన సర్వే ప్రకారం దేశంలో నల్లమందు జాతి మత్తులు వాడేవాళ్ళు 2.26 కోట్లమంది. అందులో దాదాపు 77 లక్షలమందికి వైద్యం అవసరం. ఒడిశాలో బ్రౌన్ షుగర్ కేసులు పేపర్లో రోజూ చూస్తున్నాం. చెన్నైలో, బెంగళూరులో ఉన్న మనవాళ్ళు టపెంటడాల్ లాంటి నొప్పి మాత్రలు నూరి సూదితో ఎక్కించుకునే కుర్రాళ్ళ గురించి చెబుతున్నారు. ఊరు వేరు, భాష వేరు, ఇంటి బాధ ఒకటే.

చట్టం కూడా మన వైపే ఉంది. మత్తు పదార్థాల చట్టంలో 64ఎ సెక్షన్, అలవాటు పడినవాడు వాడకం కేసులో గానీ చిన్న మోతాదు కేసులో గానీ తనంతట తాను వైద్యానికి వస్తే, ఆ కేసు నుంచి రక్షణ ఇస్తుంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం మత్తు వ్యసనంతో వచ్చే మానసిక స్థితుల్నీ మానసిక అనారోగ్యంలోనే కలిపింది. అదే చట్టం 103వ సెక్షన్ ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైలు వైద్య విభాగంలో మానసిక చికిత్సా కేంద్రం పెట్టాలని చెబుతుంది. జైళ్ళు రాష్ట్రం చేతిలో ఉన్నాయి, ఆసుపత్రులూ రాష్ట్రం చేతిలోనే ఉన్నాయి. కేంద్ర సామాజిక న్యాయ శాఖ డబ్బుతో ప్రభుత్వ ఆసుపత్రుల్లో వ్యసన చికిత్సా విభాగాలు నడుస్తున్నాయి. ఆసుపత్రికీ జైలు గేటుకీ మధ్య దారి వేయడమే మిగిలింది.

అందుకని వచ్చే సమావేశంలో మేము ఒక తీర్మానం పెడుతున్నాం. ప్రభుత్వాన్ని మూడు అడుగుతాం. జైల్లోకి వచ్చిన రోజే ప్రతి మనిషినీ డాక్టరు చూసి, ఈ అలవాటు ఉందో లేదో అడగాలి. ఉన్నవాడికి బ్యుప్రెనార్ఫిన్ వైద్యం లోపలే మొదలవ్వాలి, దానికి రాష్ట్ర బడ్జెట్‌లో వేరుగా ఒక పద్దు ఉండాలి. విడుదల రోజు చేతిలో చీటీ పెట్టి, మర్నాడు ఏ ఆసుపత్రిలో ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళాలో ఇంట్లోవాళ్ళకి చెప్పి పంపాలి.

అర్జీ ఒడియాలో రాయిద్దాం. మన దగ్గర ఒడియా బాగా రాసే రిటైర్డు మాస్టార్లకి కొదవ లేదు. జిల్లా న్యాయ సేవల సంస్థకి ఒక కాపీ ఇద్దాం, మత్తు బాధితులకి న్యాయ సహాయం కోసం జాతీయ సంస్థ 2015లోనే ఒక పథకం పెట్టింది. మన ఒడియా పొరుగువాళ్ళ సంఘాల సంతకాలు కూడా తీసుకుందాం. ఇది తెలుగువాళ్ళ జబ్బు అనిపించుకోనక్కర్లేదు, తెలుగువాళ్ళకి లేదని దాచుకోనూ అక్కర్లేదు.

ఈలోగా మనం చేయగలిగింది ఒకటుంది. ఎవరింటి పిల్లాడైనా జైలు నుంచి వస్తే, "మారిపోయాడు" అని దిష్టి తీసి ఊరుకోకండి. మొదటి రెండు వారాలు ఒంటరిగా వదలొద్దు. ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్ళండి. సిగ్గుగా ఉంటే ముందు 14446కి ఫోన్ చేయండి, డబ్బు తీసుకోరు. తోడు కావాలంటే కమిటీలో ఎవరినైనా పిలవండి, వస్తాం, బయట చెప్పం.

ఠాకురాణి జాతరకి చందా అంటే మన వీధుల్లో ఒక్క తలుపూ మూసుకోదు. ఈ అర్జీకి డబ్బులు అక్కర్లేదు, సంతకం చాలు. ఆ తల్లికి ఈ తీర్మానం సంగతి చెప్పాం. మొదటి సంతకం నేను పెడతానంది.