పాచిక కనబడితే జూదమేనా?

దసరా సెలవుల్లో మా పెద్దనాయన మా రెండు పాచికలనూ మోరీలో పారేశారు. "గంజ్‌ల బతికేటోళ్ల పిల్లలు జూదం నేర్చుకుంటున్నరా? ధర్మరాజు గతి ఏమయిందో తెల్వదా?" అన్నారు. ఆయనంటే నాకు గౌరవమే. కానీ ఆ మాట తప్పు. ఇంట్లో చెబితే "ఎదురు మాట్లాడుతున్నవ్" అంటారు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ముందు మా ఆట సంగతి చెప్తాను. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆట తెచ్చారు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్లు అందులో మనుషులై ఏం చేస్తారో నోటితో చెప్తారు. అవుతుందో కాదో తెలియని చోట పాచిక వేస్తారు. ఆ పుస్తకం మా దగ్గర లేదు. అందుకే నియమాలు మేమే తెలుగులో రాసుకున్నాం.

ఎక్కడిదో రాక్షసుల కోట మనకెందుకు? మన నౌబాద్‌లోనే బహమనీల కాలం నాటి కరేజ్ ఉంది. 15వ శతాబ్దంలో నేల కింద తవ్విన నీటి కాలువ అది. గాలి, వెలుతురు రావడానికి పైనుంచి బావుల్లాంటి దారులున్నాయి. మా కథ అందులోనే, కాగితం మీద. ఒక్కొక్కరికి పది చింతగింజలు ఇస్తాం, అవి దీపంలో నూనె. మలుపు దాటితే ఒక గింజ పోతుంది. బావి దారి దొరికితే రెండు వస్తాయి. గింజలు అయిపోతే చీకటే. గెలిస్తే అందరం గెలుస్తాం, ఓడితే అందరం ఓడతాం.

ఇందులో పందెం ఎక్కడుంది? ధర్మరాజు రాజ్యాన్ని ఒడ్డాడు, తమ్ముళ్లను ఒడ్డాడు. పైగా ఆ పాచికలు శకునివి. తప్పు పందెానిది, మోసానిది. పాచిక ఏం చేసింది? మా అవ్వ గవ్వలతో అష్టాచమ్మా ఆడితే ఎవ్వరూ జూదం అనరు. వైకుంఠపాళి ఆడితే భక్తి అంటారు. మా పాచికే పాపమా?

మోసం అన్నాను కదా, అది నేనూ చేశాను. మొదట్లో కథ నడిపింది నేనే. నీటి గుంత దూకాలంటే 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడాలన్నాను. ఏడో తరగతి తమ్ముడు ఒకడు సరిగ్గా 10 వేశాడు. నా కథ పాడవుతుందని "11 కావాలె" అన్నాను. వాడి మనిషి చచ్చిపోయాడు. "అన్నా, ఇందాక 10 అన్నవ్ కదా" అని లేచి వెళ్లిపోయాడు. మూడు రోజులు మా గల్లీకే రాలేదు.

అప్పుడు కూర్చుని లెక్క వేశాను. రెండు పాచికలు 36 రకాలుగా పడతాయి. 10 లేదా ఎక్కువ వచ్చేది 6 సార్లే. అంటే నా నియమం మొదటి నుంచీ అన్యాయమే. 7 లేదా ఎక్కువ అంటే 21 సార్లు వస్తుంది. సంభావ్యత పాఠం నాకు అర్థమైంది ఆ రోజే. నియమాలు మళ్లీ రాశాం. దూకడానికి 7 చాలు. తప్పితే చావు లేదు, రెండు గింజలు పోతాయి. పాచిక అందరి మధ్యలో వేయాలి. వేయకముందే సంఖ్య చెప్పాలి. వేశాక కథ నడిపేవాడైనా మార్చొద్దు.

ఈ చివరి రెండు నియమాలు నాకు ఎక్కడివి? మా నాన్న గంజ్‌లో అడ్తి దుకాణంలో గుమాస్తా. "కాంటా రైతుకు కనబడాలె, బస్తా ఎత్తినంక మాట మార్చొద్దు" అంటుంటారు. పెద్దనాయనా, గంజ్ పరువు మేం తీయలేదు. గంజ్ నుంచే నేర్చుకున్నాం.

ఒక్కటి ఒప్పుకుంటాను. దీపాలు పెట్టే వేళ దాటినా ఆడాం, చదువు పక్కన పెట్టాం. దానికి తిట్టండి, పడతాం. ఆటకు గంట అని హద్దు పెట్టండి, పాటిస్తాం. కానీ బడిలో, ఇంట్లో ఎప్పుడూ వేరేవాళ్లు రాసిన నియమాలు పాటించడమే మా పని. ఒక నియమం మేం రాసి, అది తప్పని తెలిసి, తప్పు చేసింది నేనేనని ఒప్పుకుని దిద్దుకున్నది ఈ ఆటలోనే. దాన్ని మోరీలో పారేయకండి.

ఆ తమ్ముడు మళ్లీ వచ్చాడు. ఇప్పుడు కథ నడిపేది వాడే. లూడో డబ్బాలోంచి వేరే పాచికలు తీశాం. ఈ శనివారం మీరూ వచ్చి కూర్చోండి, పెద్దనాయనా. మీకూ పది గింజలు ఇస్తాం. మా నియమాల్లో ఎక్కడ అన్యాయం ఉందో చూపించండి, అక్కడే కొట్టేసి కొత్తది రాస్తాం.

— పదో తరగతి విద్యార్థి, గాంధీ గంజ్, బీదర్