భూగర్భమున నొక ప్రశ్న

గోదావరిఖని, మందమర్రి గనులలోనికి దిగు శ్రామికుడు బొగ్గుకై దిగును. శాస్త్రజ్ఞుడును నేడు భూగర్భమునకే దిగుచున్నాడు. ఆతనికి వలసినది నిశ్శబ్దము. ఆకాశమునుండి యెడతెగక కురియు విశ్వకిరణములను పైనున్న రాయి యడ్డగింపగా, ఆతడచ్చట న్యూట్రినో యను సూక్ష్మకణమును గూర్చి ప్రశ్నించుచున్నాడు: ఆ కణమును, దాని ప్రతికణమును వేరువేరా, ఒక్కటియేనా?

ఎలక్ట్రానునకు, దాని ప్రతికణమునకు విద్యుదావేశములు వ్యతిరేకములు గనుక భేదము స్పష్టము. న్యూట్రినోకు ఆవేశమే లేదు. అట్టి కణము తనకు తానే ప్రతికణము కావచ్చునని ఇటలీ దేశీయుడగు ఎత్తోరే మయోరానా 1937లో సూచించెను. కొన్ని పరమాణు కేంద్రకములలో రెండు న్యూట్రానులు ఒక్కమారుగా ప్రోటానులై, రెండు ఎలక్ట్రానులను, రెండు ప్రతిన్యూట్రినోలను వెలువరించును. మయోరానా యూహ నిజమైనచో, అత్యంత అరుదుగా ఎలక్ట్రానులు మాత్రమే వెలువడవలయును. జపానులోని కమియోకా గనిలో వందల కిలోల క్సెనానుతో ఏండ్లతరబడి వెదకిరి, కానరాలేదు. అట్టి క్షయమే యున్నచో దాని యర్ధాయువు, విశ్వవయస్సగు 1380 కోట్ల సంవత్సరములకు కోటికోట్ల రెట్లకన్న నధికమని మాత్రము తేలినది.

ఇది పండితుల వినోదమని త్రోసివేయరాదు. సృష్ట్యాదిని పదార్థమును, ప్రతిపదార్థమును సమముగా బుట్టి సమముగా నశించియుండిన, ఈ పొలములును లేవు, ఈ గోదావరియు లేదు. పదార్థమేల మిగిలెనను చిక్కునకు తాళపుచెవి యీ ప్రశ్నలో నుండవచ్చును.

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. చిత్తూరు సీమకు చేరువనున్న కోలారు బంగారుగనిలో, రెండు కిలోమీటర్లకు మించిన లోతున, 1965లో టాటా మౌలిక పరిశోధనాసంస్థవారు జపాను, బ్రిటిషు శాస్త్రజ్ఞులతో గలసి వాయుమండలమున బుట్టిన న్యూట్రినోల జాడ గనిరి. ఆ గని 2001లో మూతపడెను. మనము పాత్రలకు కళాయి పూయు తగరముతోనే మయోరానా ప్రశ్నను శోధింప నా సంస్థవారు పూనిరి. దానికి తగిన చోటని తలచిన తేని జిల్లా భూగర్భశాలకు కేంద్రప్రభుత్వము 2015లో ఆమోదమిచ్చినను, ప్రజల యభ్యంతరములచేతను, తమిళనాడు ప్రభుత్వ నిరాకరణచేతను నిర్మాణము సాగలేదు.

కొండయు నీరును తమ జీవనాధారమైనవారు సందేహించుట అజ్ఞానము కాదు. ముందుగా, వారి భాషలో జెప్పి యొప్పించుట శాస్త్రజ్ఞుల ధర్మము. అట్లని ప్రశ్నను పరదేశీయులకు విడిచి యూరకుండుట ప్రభుత్వ ధర్మము కాదు. ఝార్ఖండులోని జాదుగూడ యురేనియం గనిలో, 555 మీటర్ల లోతున, 2017లో చిన్న శాల నెలకొల్పిరి. పనిచేయు గనిలోనే విజ్ఞానమునకు చోటు గలదని యది చాటుచున్నది. ఆ మార్గమును విస్తరింపవలయునని మా యభిప్రాయము. గనిని నమ్మి బ్రతుకు మన సీమ బిడ్డలు బొగ్గునే గాక ప్రకృతి రహస్యమును గూడ త్రవ్వు దినము రావలదా?