వైద్య అధ్యాపకుని పదోన్నతికి బోధన కొలమానం కావాలి

పూర్వపు వరంగల్ జిల్లాలో ప్రభుత్వ రంగాన దశాబ్దాల పాటు కాకతీయ వైద్య కళాశాల ఒక్కటే మోసిన భారాన్ని ఇప్పుడు ఆరు కళాశాలలు పంచుకుంటున్నాయి. 2022లో మహబూబాబాద్, 2023లో జనగామ, భూపాలపల్లి, 2024లో ములుగు, నర్సంపేట దానికి తోడయ్యాయి. వరంగల్ నగరంలోని పాత జైలు స్థలంలో తలపెట్టిన 24 అంతస్తుల ఆసుపత్రి గురించి ఊరంతా మాట్లాడుకుంది. ఈ కళాశాలల్లో పాఠం చెప్పేవారు ఎలా తయారవుతున్నారన్న ప్రశ్న మాత్రం ఎవరి నోటా రాలేదు.

జాతీయ వైద్య కమిషన్ 2022లో వెలువరించిన నిబంధనలు అసిస్టెంట్ ప్రొఫెసర్ పై మెట్టు ఎక్కడానికి సర్వీసు కాలాన్ని, పరిశోధన పత్రాల ప్రచురణను, పరిశోధన పద్ధతులపై ఒక కోర్సును, వైద్య బోధనపై మరొక ప్రాథమిక కోర్సును కోరాయి. ఈ చివరి కోర్సు నిడివి మూడు రోజులు. 2025 నిబంధనలు మరింత ముందుకు వెళ్లి, 220కి పైగా పడకలున్న ప్రభుత్వ ఆసుపత్రుల్లో పదేళ్లు పనిచేసిన స్పెషలిస్టులు నేరుగా అసోసియేట్ ప్రొఫెసర్లు కావచ్చునన్నాయి. అధ్యాపకుల కొరత తీవ్రంగా ఉన్నందున ఈ సడలింపును తప్పుపట్టలేము గాని, చికిత్సలో చేయి తిరిగినంత మాత్రాన బోధన అబ్బుతుందన్న నమ్మకానికి ఆధారం లేదు.

మంచి గురువులు మనకు లేకపోలేదు. డాక్టర్ కాకర్ల సుబ్బారావు 1956లో అమెరికా నుంచి తిరిగివచ్చి, 1970 వరకు ఉస్మానియా వైద్య కళాశాలలో రేడియాలజీ, అంటే ఎక్స్-రే వంటి చిత్రాల ద్వారా రోగాన్ని గుర్తించే శాస్త్రం, బోధించారు. తిరిగి అమెరికా వెళ్లి, 1986లో మళ్లీ వచ్చి హైదరాబాద్‌లోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థ (నిమ్స్) పగ్గాలు చేపట్టారు. ఆయన వంటివారు సొంత పట్టుదలతో గురువులయ్యారు. పట్టుదల గలవారు అరుదుగా పుడతారు కనుక ఆరు కళాశాలలను ఆ అదృష్టానికి వదిలేయడం విధానం అనిపించుకోదు.

2019లో ఎంబీబీఎస్‌కు వచ్చిన సామర్థ్యాధారిత పాఠ్యప్రణాళిక, అనగా విద్యార్థికి ఏమి తెలుసునన్న దానితో ఆగక ఏమి చేయగలడో కూడా చూసే పద్ధతి, ఈ లోటును మరింత బయటపెట్టింది. రోగి చరిత్ర అడిగేటప్పుడు, పొట్ట తడిమి చూసేటప్పుడు విద్యార్థి పక్కనే నిలబడి గమనించి, ఎక్కడ తప్పిందో అక్కడికక్కడే చెప్పగలిగితేనే ఆ పద్ధతికి అర్థముంటుంది. వరంగల్ ఎం.జి.ఎం. వంటి బోధనాసుపత్రిలో ఓపీ కిక్కిరిసి ఉన్న ఉదయం, ఒకే వైద్యుడు రోగులను చూడాలి, పీజీలకు దారి చూపాలి, విద్యార్థులకు నేర్పాలి. పదోన్నతి లెక్కలోకి రాని బోధనే ముందుగా వెనుకబడుతుంది. విద్యార్థి నేర్చిన పనులను నమోదు చేసే లాగ్‌బుక్‌లో సంతకాలు నెలాఖరున ఒక్కసారే పడతాయి.

కావలసిన మార్పు పెద్దది కాదు. పదోన్నతి కోరే ప్రతి అధ్యాపకుడు బోధనా పత్రావళిని, అంటే తోటివారు తరగతిలోనూ వార్డులోనూ కూర్చుని రాసిన పరిశీలనలను, తాను రూపొందించిన ప్రశ్నలను, విద్యార్థుల అభిప్రాయాలను, వాటి వల్ల తాను మార్చుకున్న పద్ధతులను కలిపిన దస్త్రాన్ని, సమర్పించాలి. దానికి పరిశోధన పత్రాలతో సమానమైన విలువ ఉండాలి. విద్యార్థుల మెప్పు కోసం పోటీ మొదలవుతుందన్న శంక సహేతుకమే. అందుకే తోటివారి పరిశీలనకు ఎక్కువ బరువు ఇవ్వాలి, ఆ పరిశీలకులు వేరే కళాశాల నుంచి రావాలి.

శిక్షణ కోసం దూరం వెళ్లనక్కర లేదు. పుదుచ్చేరి జిప్‌మర్‌లో వైద్య అధ్యాపకుల శిక్షణకు జాతీయ కేంద్రం 1970లలోనే వెలసింది; అటువంటి ఏర్పాటు ఇక్కడా సాధ్యమే. తెలంగాణ వైద్య కళాశాలల పరీక్షలు నిర్వహించే కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం వరంగల్‌లోనే ఉంది. ఉద్యోగం చేస్తూనే ఏడాది పాటు చదివే కోర్సును ఆ విశ్వవిద్యాలయం నడపాలి, కొత్త కళాశాలల్లో చేరినవారికి అందులో మొదటి చోటు దక్కాలి. ప్రతి కళాశాలలోని వైద్య విద్యా విభాగానికి, ఇతర పనులేవీ అప్పగించని ఒక పూర్తికాలపు అధ్యాపకుణ్ణి ఇవ్వాలి. పత్రావళికి విలువ కట్టడం సర్వీసు నిబంధనల పని కనుక, తదుపరి పదోన్నతుల జాబితా సిద్ధం కాకముందే రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు వెలువరించాలని ఈ జిల్లాల శాసనసభ్యులను పౌరులు, వైద్యులు, విద్యార్థుల తల్లిదండ్రులు లిఖితపూర్వకంగా కోరాలి.