నింగికి విద్యుత్ బాట

కందకుర్తి వద్ద మంజీర, హరిద్ర నదులు గోదావరిలో సంగమిస్తాయి. ఆ ప్రాంతపు పొలాల నుండి ఒకప్పుడు బోధన్ చక్కెర కర్మాగారానికి చెరకు బండ్లు బారులు తీరేవి. బండి నిండా ఎద్దుల మేతే ఉంటే చెరకుకు చోటెక్కడిది? రాకెట్టుకు గల చిక్కు సరిగ్గా ఇదే. 1980 జూలై 18న శ్రీహరికోట నుండి లేచిన ఎస్.ఎల్.వి.-3 బరువు 17 టన్నులు. అది కక్ష్యలో నిలిపిన రోహిణి ఉపగ్రహం బరువు 35 కిలోలు మాత్రమే. తక్కిన బరువులో అధిక భాగం ఇంధనమే.

ఆ భారాన్ని నేలమీదనే ఉంచే ఉపాయం విద్యుదయస్కాంత ప్రయోగం. పొడవైన మార్గం వెంట తీగచుట్టలను అమర్చి, వాటిలోకి వరుసగా విద్యుత్తును పంపితే, అయస్కాంత బలం వాహనాన్ని అంతకంతకు వేగంగా ముందుకు తోస్తుంది. 2017లో అమెరికా నౌకాదళంలో చేరిన జెరాల్డ్ ఫోర్డ్ నౌక మీది నుండి విమానాలు ఇట్టి బలంతోనే ఎగురుతున్నాయి.

అయితే విమానాన్ని లేపడం వేరు, ఉపగ్రహాన్ని కక్ష్యకు చేర్చడం వేరు. కక్ష్యలో నిలవడానికి సెకనుకు సుమారు 8 కిలోమీటర్ల వేగం కావాలి. గురుత్వ త్వరణానికి మూడు రెట్లు మించకుండా ఆ వేగాన్ని అందుకోవాలంటే 1,000 కిలోమీటర్లకు పైబడిన మార్గం అవసరం. కందకుర్తికి, శ్రీహరికోటకు నడుమ గల దూరమైనా అందుకు చాలదు. మార్గాన్ని 3 కిలోమీటర్లకు కుదిస్తే త్వరణం వెయ్యి రెట్లు దాటుతుంది. దృఢమైన సరుకు దానిని తట్టుకోవచ్చునేమో గాని మనిషి తట్టుకోలేడు. పైగా అంత వేగంతో దట్టమైన గాలిని చీల్చే వస్తువు తీవ్రమైన వేడికి గురవుతుంది.

ఈ కారణాల వల్ల ఆ విద్యనే త్రోసిపుచ్చడం వివేకం కాదు. దానికి తగిన చోటు చంద్రుడు. అక్కడ గాలి అడ్డు లేదు. భూమిని వీడిపోవడానికి సెకనుకు 11.2 కిలోమీటర్ల వేగం కావాలి. చంద్రుని వీడిపోవడానికి 2.4 చాలు. చంద్రుని మట్టిని, ఖనిజాలను ఈ విధంగా అంతరిక్షానికి పంపవచ్చునని అమెరికా భౌతిక శాస్త్రవేత్త జెరార్డ్ ఓనీల్ 1970లలోనే ప్రతిపాదించాడు. అంతటితో ఆగక హెన్రీ కోల్మ్‌తో కలిసి, విద్యార్థుల సాయంతో దాని నమూనాను నిర్మించాడు.

2023 ఆగస్టు 23న చంద్రయాన్-3ను చంద్రునిపై దించిన భారతదేశం, అక్కడి నుండి సరుకు పంపే విద్యను కూడ ఇప్పటి నుండే సాధన చేయాలి. తొలి యత్నంలోనే ఫలితం దక్కకపోవచ్చు. 1979 ఆగస్టు 10న మొదటి ఎస్.ఎల్.వి.-3 సముద్రం పాలయింది. మరుసటి ఏడే రోహిణి కక్ష్యకు చేరింది. రాకెట్టును విడనాడనవసరం లేదు. కాని దాని బరువును తగ్గించే దారిని వెదకడం నేటి విజ్ఞాన విద్యార్థుల కర్తవ్యం.