కిల్లారి నేర్పిన పాఠం

భూమికి 'సర్వంసహ' అని పేరు. అన్నింటినీ సహించే ఆ తల్లి ఎందుకు కంపిస్తుందో తెలుసుకోవాలనే తపన ఈనాటిది కాదు. వరాహమిహిరుడు తన బృహత్సంహితలో భూకంప లక్షణాలకు ఒక అధ్యాయాన్నే కేటాయించాడు. ఆధునిక శాస్త్రం ఆ అన్వేషణను కొలతలతో కొనసాగించింది. అయితే, ఆ జ్ఞానం సామాన్యుని ఇంటి గోడ దాకా చేరిందా?

1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున, మహారాష్ట్రలోని లాతూరు, ఉస్మానాబాదు జిల్లాల ప్రజలు గణేశ నిమజ్జనం ముగించుకొని గాఢనిద్రలో ఉండగా కిల్లారి ప్రాంతంలో భూమి కంపించింది. దాని తీవ్రత సుమారు 6.2. దాదాపు 10,000 మంది మరణించారు. ఇంతటి వినాశనానికి రెండు కారణాలున్నాయి. భూకంపం పది కిలోమీటర్ల లోపు లోతులోనే పుట్టడం వల్ల తరంగాల బలం తగ్గకుండానే ఊళ్ళను తాకింది. మట్టితో పేర్చిన రాతిగోడలు, వాటిపై మోయలేని మట్టిమిద్దెలు నిద్రించేవారిపై కూలాయి.

హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు అక్కడ పరికరాలు నెలకొల్పి అనంతర ప్రకంపనలను నమోదు చేశారు. తరువాత 617 మీటర్ల లోతుకు బోరు వేసి, నల్లరాతి పొర కిందనున్న ప్రాచీన శిలలను పరిశీలించారు. వైద్యునికి నాడి ఎటువంటిదో, శాస్త్రజ్ఞునికి అనంతర ప్రకంపనలు అటువంటివి. అవి పుట్టిన చోట్లను గుర్తిస్తే భూగర్భంలో చీలిక ఎంతమేర పాకిందో తెలుస్తుంది. రోజులు గడిచేకొద్దీ వాటి సంఖ్య ఒక క్రమంలో తగ్గుతుందని జపాను శాస్త్రజ్ఞుడు ఒమోరి 1894లోనే నిరూపించాడు. బీటలు వారిన ఇళ్ళలోకి తొందరపడి వెళ్ళరాదని చెప్పడానికి ఈ జ్ఞానమే ఆధారం.

"ముందుగా చెప్పలేని శాస్త్రమెందుకు?" అని కొందరు ఆక్షేపిస్తారు. భూకంపం వచ్చే దినాన్ని శాస్త్రం చెప్పలేదన్నది నిజమే. కాని కిల్లారిలో 1992లోనే పలుమార్లు భూమి అదిరింది. అటువంటి అదురులన్నీ పెనువిపత్తుకు దారితీయవు. అయినా గోడలను పటిష్ఠం చేసుకోవడానికి అంతకు మించిన హెచ్చరిక అక్కరలేదు. ఆనాటి పటంలో ఆ ప్రాంతం అత్యల్ప ప్రమాద మండలంలో ఉండేది. 2002లో ఆ మండలాన్నే తొలగించి, కిల్లారిని మూడవ మండలంలో చేర్చారు. పటం మారడానికి అన్ని ప్రాణాలు బలికావలసి వచ్చింది!

మన నేల కూడా భూకంపాలకు అతీతమైనది కాదు. 1969లో భద్రాచలం ప్రాంతం, 2024 డిసెంబరు 4న ములుగు ప్రాంతం కంపించాయి. గోడలన్నింటినీ చుట్టి పట్టే కాంక్రీటు పట్టీ, రాతిగోడ రెండు వరుసలనూ కలిపే పొడవాటి రాళ్ళు, తేలికైన పైకప్పు – ఇవి పేదవానికి సైతం అందుబాటులో ఉండేలా చూడడం ప్రభుత్వ కర్తవ్యం. వాటిని అడిగి చేయించుకోవడం పౌరుల బాధ్యత. పరిశోధనాలయంలో పుట్టిన జ్ఞానం తాపీమేస్త్రీ చేతికి చేరిననాడే సార్థకమవుతుంది.